గుండె జబ్బుతో పుట్టిన బిడ్డకు తల్లిపాలు పట్టడం ఎలా?

పసిబిడ్డ చేసే పనులన్నిటిలోకీ కష్టమైనది పాలు తాగడమే. చప్పరించాలి, మింగాలి, మధ్యలో ఊపిరి తీసుకోవాలి. మూడూ తాళం తప్పకుండా సాగాలి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఇది ఆటతో సమానం. గుండెలో పెద్ద రంధ్రం ఉన్న బిడ్డకు అలిపిరి మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కినంత పని. తాగిన పాల నుంచి వచ్చే శక్తిలో చాలా భాగం ఆ తాగడానికీ, ఆయాసానికీ ఖర్చయిపోతుంది. అందుకే ఇలాంటి బిడ్డ గంటసేపు రొమ్ము పట్టుకునే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. ఇంట్లో అందరూ తల్లి వైపు చూస్తారు, పాలు చాలడం లేదంటారు, డబ్బా పాలు తెమ్మంటారు. నిజానికి తల్లి పాలలో ఏ లోపమూ ఉండదు.

పుట్టే ప్రతి 1000 మంది పిల్లల్లో 8, 9 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వాళ్ళందరికీ పాల దగ్గర ఇబ్బంది రాదు. చిన్న రంధ్రం ఉన్న బిడ్డ మామూలుగానే తాగుతుంది, మామూలుగానే పెరుగుతుంది. అలాంటి రంధ్రాలు చాలావరకు వాటంతటవే పూడిపోతాయి కూడా. మీ బిడ్డ ఆ కోవలోనిదైతే ఇక్కడ చెప్పే లెక్కలతో మీకు పని లేదు. పాలు తాగుతూ ఆయాసపడే బిడ్డ, పెదవులు నీలంగా మారే బిడ్డ, ఆపరేషన్ కోసం బరువు పెరగాల్సిన బిడ్డ ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి. మీ డాక్టర్ ఇచ్చిన కొలతకూ, ఇక్కడున్న కొలతకూ తేడా ఉంటే డాక్టర్ మాటే వినండి.

మొదటి పని: పాలు ఎండిపోకుండా చూసుకోవడం

చిత్తూరులోనో పలమనేరులోనో కాన్పు అవుతుంది. మర్నాడు బిడ్డ కుడి చేతికీ, కాలికీ పల్స్ ఆక్సీమీటర్ పెడితే ఆక్సిజన్ 95 శాతం కన్నా తక్కువ చూపిస్తుంది. బిడ్డను అంబులెన్సులో తిరుపతికి పంపుతారు. టీటీడీ 2021 అక్టోబరులో ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయానికి కొందరు వెళతారు, చిత్తూరు వైపు నుంచి వేలూరు సీఎంసీ ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. తండ్రి, అవ్వ బిడ్డ వెంట వెళతారు. తల్లి సిజేరియన్ కుట్లతో ఇక్కడే మంచం మీద ఉండిపోతుంది. స్కానింగ్ ఏమైంది, ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారు, కార్డు తెచ్చారా అని ఫోన్ల మీద ఫోన్లు నడుస్తాయి. తల్లి పాలు తీసిందా అని ఒక్కరూ అడగరు. ఆ నాలుగు రోజులు రొమ్ము ఖాళీ చేయకపోతే పాలు తగ్గిపోతాయి. తిరిగి తెచ్చుకోవడం సాధ్యమే గానీ చాలా కష్టపడాలి.

కాబట్టి కాన్పు అయిన గంటలోపే, అది కుదరకపోతే 6 గంటలు దాటకుండా పాలు తీయడం మొదలుపెట్టండి. తర్వాత ప్రతి 2, 3 గంటలకు ఒకసారి, రోజుకు 8 సార్లకు తగ్గకుండా తీయాలి. అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్య ఒకసారైనా లేవాలి. పాలను పెంచే హార్మోను రాత్రి పూట ఎక్కువగా ఉంటుంది. మొదటి రెండు రోజులు చెంచాడు కూడా రావు. సిరంజి అడుగున పసుపు రంగులో చిక్కగా కనిపించే ఆ 2 మిల్లీలీటర్ల ముర్రుపాలను చూసి "ఇంతేనా" అనుకోకండి. బిడ్డకు నోటి ద్వారా ఇంకా ఏమీ ఇవ్వకపోయినా, డాక్టర్ ఒప్పుకుంటే ఆ ముర్రుపాలనే దూదితో బుగ్గల లోపల రాస్తారు. రోగనిరోధక శక్తికి అదీ సాయమే. గుండె లోపం వల్ల పేగులకు రక్తం సరిగా అందని బిడ్డలకు పేగులు దెబ్బతినే ముప్పు ఉంటుంది. తల్లిపాలు ఆ ముప్పును తగ్గిస్తాయి. డబ్బా పాలకు ఆ గుణం లేదు.

చేత్తో తీసే పద్ధతి ఇది. సబ్బుతో చేతులు కడుక్కోండి. పది నిమిషాలు మరిగించి ఆరబెట్టిన వెడల్పాటి స్టీలు గిన్నె దగ్గర పెట్టుకోండి. రొమ్మును వేళ్ళ కొసలతో గుండ్రంగా, మెల్లగా నిమరండి. బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద, చనుమొనకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, నల్లని భాగం అంచున ఉంచండి. ముందు వెనక్కి, అంటే ఛాతీ వైపుకు నొక్కి, తర్వాత వేళ్ళను దగ్గరికి తెచ్చి వదలాలి. నొక్కడం, పిండడం, వదలడం, ఈ వరుసలో. వేళ్ళు చర్మం మీద జారకూడదు. చనుమొనను పట్టి లాగితే నొప్పి తప్ప పాలు రావు. ధార సన్నబడగానే వేళ్ళను మరో దిక్కుకు తిప్పండి, తర్వాత రెండో రొమ్ముకు మారండి. మొత్తం 20, 30 నిమిషాలు పడుతుంది. బిడ్డ ఫోటో చూస్తూ, లేదా బిడ్డ కప్పుకున్న గుడ్డ ఒడిలో పెట్టుకుని తీస్తే పాలు తొందరగా దిగుతాయి. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇది నిజం.

వారాల తరబడి తీయాల్సి వస్తే రెండు రొమ్ములకూ ఒకేసారి పనిచేసే కరెంటు పంపు మేలు. మందుల షాపులో అగ్గువకు దొరికే రబ్బరు బుడగ పంపు కొనకండి. ఆ బుడగ లోపల శుభ్రం చేయడం ఎవరి వల్లా కాదు.

తీసిన పాలు దాచడం

25 డిగ్రీలు దాటని గదిలో తల్లిపాలు 4 గంటలు నిలుస్తాయి. మే నెలలో తిరుపతిలో బయట 40 డిగ్రీలు దాటుతుంది, ఫ్యాను గదిలోనూ ఆ 4 గంటల లెక్క నమ్మడానికి వీల్లేదు. తీసిన వెంటనే మూత ఉన్న శుభ్రమైన సీసాలో పోసి ఫ్రిజ్‌లో లోపలి వైపు పెట్టండి, తలుపు అరల్లో పెట్టవద్దు. సీసా మీద తల్లి పేరు, తేదీ, సమయం రాయండి. జబ్బుతో ఉన్న బిడ్డకు ఫ్రిజ్ పాలు 24 గంటల్లోపు వాడేస్తే నిశ్చింత. ఎక్కువ వస్తుంటే గడ్డకట్టించి దాచవచ్చు. చిత్తూరు నుంచి బస్సులో పంపేటప్పుడు ఐసు ప్యాకులు పెట్టిన పెట్టెలో సర్దండి. ఇచ్చే ముందు సీసాను గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో ఉంచితే చాలు. పొయ్యి మీద కాచవద్దు, మైక్రోవేవ్‌లో పెట్టవద్దు. ఒకసారి వెచ్చబెట్టి బిడ్డ తాగగా మిగిలిన పాలు పారబోయాల్సిందే, ఎంత బాధగా ఉన్నా.

రొమ్ము పట్టించేటప్పుడు

డాక్టర్ నోటి ద్వారా పాలు ఇవ్వమన్నాక, చాలామంది అనుకునేదానికి భిన్నంగా, సీసా కన్నా రొమ్మే బిడ్డకు తేలిక. రొమ్ము దగ్గర ధార వేగం బిడ్డ చేతిలో ఉంటుంది, ఊపిరి కోసం ఆగగలుగుతుంది, ఒంట్లో ఆక్సిజన్ కూడా నిలకడగా ఉంటుంది. సీసాలో పాలు వాటంతటవే కారుతుంటాయి, బిడ్డ మింగక తప్పదు.

బిడ్డ ఏడ్చేదాకా ఆగకండి. ఏడుపుకే సగం శక్తి పోతుంది. పెదవులు చప్పరించడం, తల అటూ ఇటూ తిప్పడం, పిడికిలి నోటి దగ్గరికి తీసుకుపోవడం కనిపిస్తే అదే సమయం. రెండు మూడు గంటలు దాటినా నిద్రలేవకపోతే మీరే లేపండి, ఈ బిడ్డల్లో కొందరు అలసటతో ఆకలిని కూడా మరిచి పడుకుంటారు.

బిడ్డను పూర్తిగా పడుకోబెట్టకుండా తల, ఛాతీ ఎత్తుగా ఉండేలా, సగం కూర్చున్నట్టు పట్టుకోండి. నోరు బాగా తెరిచి నల్లని భాగం చాలావరకు నోట్లోకి వెళ్ళేలా చూడండి. గడ్డం కింద మీ వేలు ఆనిస్తే పట్టు జారదు. ఇక బిడ్డ ముఖమే చూస్తూ ఉండండి. పై పెదవి మీద, నుదుటి మీద ముత్యాల్లా చెమట పడుతోందా? ముక్కు పుటాలు ఎగురుతున్నాయా? డొక్కలు లోపలికి పోతున్నాయా? వీటిలో ఏది కనిపించినా నోటి మూలలో చిటికెన వేలు పెట్టి పట్టు వదిలించి, భుజానికి ఆనించి ఊపిరి నెమ్మదించేదాకా ఆగండి. తిరుపతి ఎండల్లో చెమట ఎవరికైనా పడుతుంది కదా అని కొట్టిపారేస్తారు. ఫ్యాను కింద ఒళ్ళంతా చల్లగా ఉండి, పాలు తాగేటప్పుడు మాత్రం నుదురు తడిసిపోతుంటే అది ఎండ పని కాదు.

మొత్తం 20 నుంచి 30 నిమిషాలు, అంతకు మించవద్దు. ఆ తర్వాత బిడ్డ తాగేదాని కన్నా ఖర్చుపెట్టేదే ఎక్కువ. మిగిలిన కోటాను తీసిన పాలతో ఉగ్గుగిన్నెతోనో, ముక్కు గుండా కడుపులోకి వేసిన గొట్టం ద్వారానో పూర్తిచేయండి. రెండు రొమ్ములూ కొంచెం కొంచెం పట్టించే కన్నా ఒకటి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా పట్టించడం మంచిది, ఎందుకంటే చివర్లో వచ్చే పాలలో కొవ్వు ఎక్కువ. బరువు పెరగని బిడ్డలకు కొన్నిచోట్ల నర్సులు మొదటి పలుచని పాలను కొంత పిండి పక్కన పెట్టించి తర్వాత రొమ్ము పట్టిస్తారు. ఇది వాళ్ళ సలహా మీదే చేయండి.

ఉగ్గుగిన్నెతో పట్టేటప్పుడు అంచు కింది పెదవికి ఆనించి, పాలు పెదవి దాకా వచ్చేట్టు వంచండి. బిడ్డ నాలుకతో లాక్కుంటుంది. నోట్లో పోస్తే పొలమారుతుంది. మన అవ్వలకు ఈ విద్య బాగా తెలుసు, కాకపోతే వాళ్ళకు తొందర ఎక్కువ.

ముక్కు గొట్టంతో ఇంటికి పంపితే, నర్సు ఎదుట మీ చేత్తో చేసి చూపించనిదే ఆస్పత్రి గడప దాటకండి. ముక్కు దగ్గర గొట్టం మీద ఉన్న గుర్తు కదిలిందేమో ప్రతిసారీ చూడాలి. నర్సు నేర్పినట్టు సిరంజితో కొంచెం లాగి, గొట్టం కడుపులోనే ఉందని రూఢి చేసుకోవాలి. లోపలి నొక్కుడు కడ్డీ (ప్లంజర్) తీసేసిన సిరంజిలో పాలు పోసి ఎత్తులో పట్టుకుంటే వాటంతటవే దిగాలి, నొక్కి పంపకూడదు. దగ్గు వచ్చినా, రంగు మారినా గొట్టాన్ని మడిచి ఆపేయండి. గొట్టంలో పాలు దిగుతున్నంతసేపు బిడ్డను ఖాళీ చేసిన రొమ్ముకు ఆనించి చప్పరించనివ్వండి. కడుపు నిండటానికీ రొమ్ముకూ ఉన్న సంబంధం బిడ్డ మరిచిపోకుండా ఉంటుంది.

లెక్క అర్థం చేసుకోండి

ఇది కాస్త ఓపికగా చదవాల్సిన భాగం. 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 67 కిలో క్యాలరీలు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు రోజుకు కిలో బరువుకు 100 నుంచి 110 కావాలి. గుండె మీద భారం ఉన్న బిడ్డకు 120 నుంచి 150 దాకా కావాలి. 3 కిలోల బిడ్డను తీసుకోండి. కిలోకు 150 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 450 మిల్లీలీటర్లు తాగితే అందేది 300 కిలో క్యాలరీలు. కావలసింది 360 నుంచి 450. ఆ 450 కోసం పాలే పెంచాలంటే రోజుకు 670 మిల్లీలీటర్లు దాటాలి. అన్ని పాలు తాగే ఓపిక బిడ్డకు లేదు, ఆ నీటిని మోసే శక్తి గుండెకూ లేదు. చాలామంది బిడ్డలకు డాక్టర్లు రోజంతటికీ కలిపి ద్రవం ఇంతకు మించకూడదని హద్దు పెట్టేది అందుకే.

మిగిలిన దారి ఒక్కటే. పాల పరిమాణం పెంచకుండా వాటిలో శక్తి పెంచడం. తీసిన తల్లిపాలలో పోషకాల పొడి గానీ, కొలిచిన డబ్బా పొడి గానీ, ప్రత్యేకమైన నూనె గానీ కలిపి 100 మిల్లీలీటర్లకు 80 కిలో క్యాలరీలకు తెస్తారు, అవసరమైతే నెమ్మదిగా 100 దాకా తీసుకెళతారు. డాక్టర్ ఇలా కలపమంటే తల్లి మనసు చివుక్కుమంటుంది, "నా పాలు పనికిరావా" అనుకుంటుంది. తల్లిపాలు లేనిదే ఈ చికిత్స మొదలే కాదు, పొడి దానికి తోడు మాత్రమే. అయితే ఎంత కలపాలో మాత్రం సొంతంగా నిర్ణయించవద్దు. పొడి ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి, మూత్రపిండాల మీద భారం పడుతుంది. కాగితం మీద రాయించుకుని, వాళ్ళు ఇచ్చిన చెంచాతోనే, ఏ పూటకు ఆ పూట కలిపి వెంటనే వాడేయండి.

విటమిన్ డి చుక్కలు రోజుకు 400 యూనిట్లు తల్లిపాలు తాగే బిడ్డలందరికీ ఇస్తారు. ఐరన్ ఎప్పుడు మొదలుపెట్టాలో అడగండి, నీలంగా మారే బిడ్డల విషయంలో తప్పకుండా అడగండి. గుండె మందులను సీసా నిండా పాలలో కలపకండి. బిడ్డ సగంలో ఆపేస్తే మందు సగమే లోపలికి పోయినట్టు. మందు వేశాక కక్కితే మళ్ళీ వేసే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

తూకం

ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంది. గుండె బిడ్డ 15, 20 పెరిగినా సంతోషమే. వారం సగటు చూస్తే రోజుకు 10 గ్రాములు కూడా రాకపోతే రివ్యూ తేదీ దాకా ఆగకుండా డాక్టర్‌కు చెప్పండి. రోజూ తూచవద్దు, ఇల్లంతా ఆ అంకె చుట్టూ తిరగడం మొదలవుతుంది. వారానికి రెండుసార్లు, ఒకే తక్కెడ మీద, ఒకే వేళకు, బట్టలు లేకుండా చాలు. ఆస్పత్రిలో కాన్పు అయిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలి, తక్కెడ ఆమె దగ్గర ఉంటుంది. రాకపోతే మీరే పిలవండి. మధ్యలో అంగన్‌వాడీ ఉంది.

ఒక్కసారిగా బరువు పెరిగి, కనురెప్పలు ఉబ్బితే మురిసిపోకండి. అది ఒంట్లో నీరు చేరడం కావచ్చు.

మరొకటి గుర్తుంచుకోండి. పెద్ద రంధ్రం ఉన్న బిడ్డ మొదటి రెండు మూడు వారాలు చక్కగా తాగవచ్చు. ఊపిరితిత్తుల్లో పీడనం తగ్గేకొద్దీ అటు రక్తం ఎక్కువగా పోయి, నెల తిరిగే సమయానికి ఆయాసం బయటపడుతుంది. అప్పటికి తల్లి పుట్టింట్లో ఉంటుంది, ఆస్పత్రి దూరంగా ఉంటుంది, బిడ్డకు దిష్టి తగిలిందంటారు. దిష్టి తీయండి, తప్పులేదు, తీసిన వెంటనే ఆస్పత్రికి బయలుదేరండి.

ఇంట్లో పెద్దల మాట

"నోరు ఎండిపోతోంది, రెండు చుక్కలు చక్కెర నీళ్ళు పట్టమ్మా" అని అవ్వ అంటుంది. తేనె, వస, ఆముదం, వాము నీళ్ళు, గ్రైప్ వాటర్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఏదీ వద్దు. చిన్న కడుపులో నీళ్ళకు ఇచ్చిన చోటు పాలు పోగొట్టుకున్న చోటే, పైగా డాక్టర్ పెట్టిన ద్రవం హద్దులో అదీ లెక్కకు వస్తుంది. తేనె ఏడాది నిండేదాకా ఏ బిడ్డకూ ఇవ్వకూడదు. కొండ మీది తీర్థం తల్లి పుచ్చుకోవచ్చు, బిడ్డ నోట్లో మాత్రం వద్దు. "డాక్టర్ రాసిచ్చారు అవ్వా" అంటూ కాగితం చూపించడం వాదన కన్నా తేలికగా పనిచేస్తుంది.

బాలింత పథ్యం పేరుతో తల్లికి నీళ్ళు తగ్గించి, కారప్పొడి అన్నం మాత్రమే పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. రోజుకు 8 సార్లు పాలు తీసే తల్లికి అది అన్యాయం. దాహం వేసినప్పుడల్లా నీళ్ళు, మూడు పూటలా కడుపు నిండా తిండి కావాలి. రాగి సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, వేరుశెనగ ఉండలు, అన్నీ మన ఇళ్ళలో ఉండేవే. ఆస్పత్రి వరండాలో కూర్చున్న తల్లికి భర్త టీ, బన్నుతో సరిపెట్టకూడదు.

వెంటనే బయలుదేరాల్సిన సందర్భాలు

బిడ్డ నిద్రపోతున్నప్పుడు ఫోన్‌లో గడియారం పెట్టుకుని నిండు నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. 60 దాటితే ఆలస్యం చేయకండి. డొక్కలు ఎగరేయడం, నాలుక నీలంగా మారడం, వరుసగా రెండు మూడు పూటలు సగం కూడా తాగకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం, పొట్ట ఉబ్బడం, ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, జ్వరం, వీటిలో ఏ ఒక్కటి చాలు. ఏడుస్తూ ఏడుస్తూ ఉన్నట్టుండి నీలమైపోతే మోకాళ్ళు రెండూ పొట్టకేసి మడిచి గట్టిగా హత్తుకుని 108కి ఫోన్ చేయించండి. ఆ సమయంలో పాలు పట్టవద్దు.

ఆపరేషన్ తర్వాత

మొదటి రోజులు పాలు ఇవ్వకపోవచ్చు. తీయడం ఆపకండి, దాచండి. కొందరు బిడ్డలకు ఆపరేషన్ తర్వాత కొవ్వుతో కూడిన తెల్లని ద్రవం ఛాతీలో చేరుతుంది. అప్పుడు కొన్ని వారాలు మామూలు కొవ్వు లేని ప్రత్యేక పాలు ఇస్తారు, కొన్ని ఆస్పత్రులు తల్లిపాలనే వెన్న తీసి ఇస్తాయి. ఆ వారాల్లోనే చాలామంది తల్లులు నిరాశతో పాలు తీయడం మానేస్తారు. అది తాత్కాలికమే, మానకండి.

ఏడుపు బొంగురుగా వినిపించినా, మింగుతున్నప్పుడు దగ్గినా చెప్పండి. స్వరపేటిక నరం నలిగి ఉంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఛాతీ ఎముక అతుక్కునేదాకా, అంటే ఆరు వారాల పాటు చంకల కింద పట్టి ఎత్తకండి. ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి ఎత్తండి. బిడ్డ కాళ్ళు మీ వీపు వైపు ఉండేలా చంక పక్కన పెట్టుకుని పాలిస్తే కుట్ల మీద ఒత్తిడి పడదు.

గొట్టం నుంచి రొమ్ముకు మారడం ఒక్క రోజులో జరగదు. రోజుకు రెండుసార్లు, బిడ్డ మెలకువగా ఉన్న పూట, ఐదు పది నిమిషాలతో మొదలుపెట్టండి. పాలకు ముందూ తర్వాతా అవే బట్టలతో తూచితే, పెరిగిన ఒక్కో గ్రాము సుమారు ఒక మిల్లీలీటరు పాలు. ఎంత తాగిందో తేలుతుంది కాబట్టి గొట్టంలో పోసేది నర్సు అంత తగ్గిస్తుంది. గొట్టం తీసేశాక తొలి రెండు వారాలు తేదీ, బరువు, పాలకు పట్టిన సమయం ఒక కాగితం మీద రాసి, రివ్యూకి వెళ్ళేటప్పుడు మందుల చీటీతో పాటు వెంట తీసుకెళ్ళండి.